వేడి పెనం తగిలినప్పుడు చెయ్యి ముందా, మంట ముందా? జ్ఞాన నాడి, చాలక నాడి వేగాల లెక్క

పదో_తరగతి_జీవశాస్త్రం

ప్రతీకార చర్యాచాపం పాఠానికి అంకెలతో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. పుస్తకంలో బొమ్మ ఉంది. గ్రాహకం, జ్ఞాన నాడి, వెన్నుపాము, చాలక నాడి, కండరం, మధ్యలో బాణం గుర్తులు. ఏ మజిలీలో ఎంత సమయం పడుతుందో మాత్రం ఎక్కడా లేదు. పిల్లలు ఎక్కువగా అడిగేవి ఈ మూడు:

1. పెనం తగలగానే చెయ్యి లాగేసుకుంటాం, మంట తర్వాత తెలుస్తుంది. "మెదడుకు సంబంధం లేదు కనుక" అని రాస్తే మార్కులు పడతాయి. అసలు కారణం అదేనా?
2. జ్ఞాన నాడి, చాలక నాడి అంటే చేతిలో రెండు వేర్వేరు తీగలున్నట్టా?
3. ఆసుపత్రిలో చేసే నాడీ వేగ పరీక్షలో చాలక నాడికి రెండు చోట్ల షాకిచ్చి, జ్ఞాన నాడికి ఒక్కచోటే ఇస్తారు. ఎందుకు?

దయచేసి అంకెలతో చెప్పండి.

---

వెన్నుపూస

రెండోదానితో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సులువవుతాయి.

రెండు తీగలు కావు. చేతి మధ్యగా అరచేతికి వెళ్లే మీడియన్ నాడిని మణికట్టు దగ్గర అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే వేల తంతువుల కట్ట కనిపిస్తుంది. స్పర్శను లోపలికి తెచ్చేవి, కండరానికి ఆజ్ఞ తీసుకెళ్లేవి ఒకే కట్టలో పక్కపక్కనే ఉంటాయి. అవి విడిపోయేది వెన్నుపాము గుమ్మం దగ్గర. జ్ఞాన తంతువులు వెనక వేరులోంచి లోపలికి వెళతాయి, చాలక తంతువులు ముందు వేరులోంచి బయటికి వస్తాయి. ఛార్లెస్ బెల్ 1811లో ముందు వేరు పనిని గుర్తించాడు. ఫ్రాంస్వా మజెండీ 1822లో రెండు వేర్లనూ విడివిడిగా కోసి చూసి తేల్చాడు. వెన్నుపాము నుంచి వచ్చే 31 జతల నాడులూ ఇలా కలగలిసినవే. కపాల నాడుల్లో మాత్రం కంటి చూపు నాడిలాగా పూర్తిగా జ్ఞానానికే పరిమితమైనవి కొన్ని ఉన్నాయి.

ఇంకొక తేడా బొమ్మలో తప్పక చూపించండి. చాలక కణం దేహం వెన్నుపాము లోపల, ముందు కొమ్ములో ఉంటుంది. జ్ఞాన కణం దేహం వెన్నుపాముకు బయట, వెనక వేరు మీద చిన్న బుడిపెలా ఉండే నాడీగ్రంథిలో ఉంటుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోగనిర్ధారణ సగం దీని మీదే నడుస్తుంది.

ఇక వేగాలు. అన్ని తంతువులకూ ఒకే వేగం ఉండదు. ఎర్లాంగర్, గాసర్ 1944లో నోబెల్ అందుకున్నది ఈ విషయానికే. తంతువు ఎంత లావుంటే అంత వేగం, చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటే మరీ వేగం.

ఏ-ఆల్ఫా: 12 నుంచి 20 మైక్రాన్ల లావు, సెకనుకు 70 నుంచి 120 మీటర్లు. కండరాలకు ఆజ్ఞలు, కండరం ఎంత సాగిందన్న కబురు ఇందులో వెళతాయి.
ఏ-బీటా: 5 నుంచి 12 మైక్రాన్లు, 30 నుంచి 70 మీటర్లు. స్పర్శ, ఒత్తిడి, కంపనం.
ఏ-డెల్టా: 2 నుంచి 5 మైక్రాన్లు, 12 నుంచి 30 మీటర్లు. పదునైన నొప్పి, చల్లదనం.
సి: ఒక మైక్రాన్ అటూ ఇటూ, తొడుగు లేదు, 0.5 నుంచి 2 మీటర్లు. మండే నొప్పి, దురద, వెచ్చదనం.

సి తంతువు కబురు మనిషి వడివడి నడకను మించదు. ఏ-ఆల్ఫా కబురు గంటకు 400 కిలోమీటర్ల దరిదాపుల్లో దూసుకుపోగలదు. రెండూ ఒకే నాడిలో ఉన్నాయి.

---

వెన్నుపూస

ఇప్పుడు పెనం లెక్క. వేలి కొన నుంచి మెడ దగ్గరి వెన్నుపాము దాకా 0.9 మీటరు అనుకుందాం.

ఏ-డెల్టా కబురు సెకనుకు 18 మీటర్ల చొప్పున వస్తే 0.9 ÷ 18 = 0.05 సెకను, అంటే 50 మిల్లీసెకన్లు. వెన్నుపాములో రెండు మూడు నాడీసంధులు దాటాలి. ఒక్కోదానికి కనీసం 0.5 మిల్లీసెకను చొప్పున, కణం స్పందించే సమయంతో కలిపి కొన్ని మిల్లీసెకన్లు. తిరుగు ప్రయాణంలో కండచేయి కండరానికి 0.35 మీటరు. చాలక తంతువు 60 మీటర్ల వేగంతో వెళితే 6 మిల్లీసెకన్లు. నాడి, కండరం కలిసేచోట మరో మిల్లీసెకను. ఆ తర్వాత కండరం బిగిసి చెయ్యి కదలడానికి ఇంకొన్ని పదుల మిల్లీసెకన్లు. మొత్తం సుమారు పదోవంతు సెకను.

అదే క్షణాన బయల్దేరిన సి తంతువు కబురు సెకనుకు ఒక మీటరు చొప్పున వెన్నుపాముకు చేరడానికే 0.9 సెకను పడుతుంది. చెయ్యి వెనక్కి వచ్చేసి చాలాసేపైపోతుంది.

"మెదడుకు సంబంధం లేదు" అనేది సగమే నిజం. కబురు వెన్నుపాములోకి రాగానే చీలుతుంది. ఒక కొమ్మ చాలక కణం వైపు, ఇంకొకటి అదే సమయంలో ఎదుటి పక్కకు దాటి మెదడులోని థలామస్ వైపు పైకి వెళుతుంది. మెదడుకూ కబురు అందుతుంది, ఆ నిర్ణయం కోసం చెయ్యి ఎదురుచూడదు, అంతే. అంతేకాదు, పైనుంచి మెదడు ఈ చర్యను అణచగలదు కూడా. పట్టుకున్నది వేడి పాల గిన్నె, కింద పసివాడు ఉన్నాడు అంటే చెయ్యి కాలుతున్నా వదలం. జవాబు పత్రంలో "మెదడు ఆజ్ఞ కోసం ఆగకుండా" అని రాయిస్తే తప్పుండదు.

---

మిరప_మంట

పై లెక్కకు ఒక చేర్పు. తెలుగులో ఈ రెండు నొప్పులకూ వేర్వేరు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. చురుక్కుమనడం వేరు, భగభగమనడం వేరు. చురుక్కు ఏ-డెల్టా, భగభగ సి. కాలి బొటనవేలికి గడప తగిలినప్పుడు ఈ రెంటి మధ్య ఎడం ఇంకా బాగా తెలుస్తుంది. దూరం మీటరు పైన కాబట్టి, మొదటి పోటుకూ తర్వాత వచ్చే సలుపుకూ నడుమ దాదాపు సెకను ఖాళీ. పిల్లలతో ఇది చెప్పండి, వాళ్లే ఒప్పుకుంటారు.

గ్రాహకం దగ్గర ఏం జరుగుతుందో కూడా బొమ్మలో ఒక గడి పెట్టండి. వేడి గ్రాహకం అంటే తంతువు కొసన ఉండే ఒక ప్రోటీన్ తలుపు. టీఆర్‌పీవీ1 అనే తలుపు సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ కూడా సరిగ్గా ఆ తలుపునే తెరుస్తుంది. అందుకే కారం తిన్నప్పుడు నోట్లో ఏమీ కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. ఇది కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కూ, స్పర్శ తలుపు పీజో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు. గుంటూరు మిర్చి తొడిమలు తీసే చేతులు మండేది ఇందువల్లే. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. ఒట్టి నీళ్లు పోస్తే అది మరింత మేర పరుచుకుంటుంది.

---

అయాన్_గట్టు

"కరెంటు తీగలాంటిది" అన్న పోలికను పిల్లలకు చెప్పకండి, తర్వాత దాన్ని మాన్పించడం చాలా కష్టం. తీగలో కరెంటు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది. నాడిలో ఆ పొడవునా నడిచేదేమీ లేదు. పొర దగ్గర అయాన్లు అడ్డంగా, లోపలికీ బయటికీ దాటుతాయి. ఒకచోట దాటితే పక్కచోటు రేగుతుంది. పేర్చిన ఇటుకలు ఒకటి పడితే వరసగా పడినట్టు.

విశ్రాంతిలో తంతువు లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. సోడియం బయట లీటరుకు 145 మిల్లీమోళ్లు, లోపల 15 లోపు. పొటాషియం తలకిందులు, లోపల 140, బయట 4. మైనస్ 55 దగ్గరికి వచ్చేసరికి సోడియం తలుపులు ఒక్కసారి తెరుచుకుంటాయి, లోపలి వోల్టేజీ ప్లస్ 30 దాకా ఎగురుతుంది. ఒక మిల్లీసెకనులోపు సోడియం తలుపులు మూతపడి, పొటాషియం బయటికి పోయి మళ్లీ కిందికి దిగుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ తంతువు మీద ఈ మొత్తాన్నీ సమీకరణాలుగా రాశారు. స్క్విడ్ తంతువు అర మిల్లీమీటరు పైన లావుంటుంది, లోపల ఎలక్ట్రోడు దూర్చవచ్చు.

సోడియం తలుపు మూతపడ్డాక కొద్దిసేపు మళ్లీ తెరుచుకోదు. అందువల్లే కబురు వెనక్కి మళ్లదు. మధ్యలో కృత్రిమంగా షాకిస్తే మాత్రం రెండు వైపులా పరుగెడుతుంది. ఈ సంగతి కింద పరీక్ష గురించి చెప్పేవారికి అక్కరకొస్తుంది.

తీవ్రత ఎలా తెలుస్తుందని కూడా అడుగుతారు. ఒక్కో పల్స్ ఎత్తు ఎప్పుడూ ఒకటే. గట్టిగా నొక్కితే పల్స్ పెద్దదవదు, సెకనుకు వచ్చే పల్సుల సంఖ్య పెరుగుతుంది, ఎక్కువ తంతువులు పాల్గొంటాయి.

మయలిన్ తొడుగు మధ్యమధ్య మిల్లీమీటరు చొప్పున, పెద్ద తంతువుల్లో రెండు మిల్లీమీటర్ల దాకా ఎడంతో తెగి ఉంటుంది. అయాన్లు దాటేది ఆ రాన్వియర్ కణుపుల దగ్గరే. చెరుకుగడ కణుపులు చూపిస్తే పిల్లలకు ఇట్టే పడుతుంది.

లోపలికి వచ్చిన సోడియాన్ని తోడిపోసే పంపు ఒక్కో విడతకు మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి చేరవేస్తుంది. దాని ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో కండరంలోంచి వేరుచేసినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. నాడీ పాఠంలో సుబ్బారావు పేరు రావడానికి ఇంతకంటే సరైన చోటు లేదు.

---

సిర_ధమని

ఒక్క మాట, పదాల గురించి. రక్తం తీసేటప్పుడు "నరం దొరకలేదు" అంటాం. అది సిర. చెయ్యి పట్టుకుని "నాడి చూశారు" అంటాం. అది ధమని కొట్టుకోవడం. "నరాల డాక్టరు" దగ్గరికి మాత్రం నిజమైన నాడుల కోసం వెళతాం. తరగతిలో మొదటి రోజే ఈ మూడూ విడదీయకపోతే, నాడి లోపల రక్తం పారుతుందని పరీక్షలో రాస్తారు. సిర బోలుగా ఉండే గొట్టం, నొక్కితే అణిగి మళ్లీ నిండుతుంది. నాడి గట్టి తాడు. మోచేతి లోపలివైపు ఎముక వెనక గాడిలో వేలితో దొర్లిస్తే అల్నార్ నాడి తగులుతుంది, చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది. అందరికీ సులువుగా అందుబాటులో ఉన్న నాడి అది.

---

మైక్రోవోల్ట్

మూడో ప్రశ్నకు నేను చెబుతాను. మీడియన్ నాడినే తీసుకుంటాను.

చాలక పరీక్ష: బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న కండ మీద రికార్డింగ్ ఎలక్ట్రోడు, బొటనవేలి కీలు మీద రెండోది, అరచేతి వెనక గ్రౌండు. రికార్డింగ్ ఎలక్ట్రోడుకు 7 సెంటీమీటర్ల పైన, మణికట్టు దగ్గర షాకు. పల్స్ 0.2 మిల్లీసెకను. కరెంటు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. తరంగం ఎత్తు ఇక పెరగడం లేదు అనిపించాక, ఇంకో 20 శాతం పెంచి అప్పుడు రికార్డు చేయాలి. తర్వాత మోచేతి మడతలో, ధమని కొట్టుకునేచోట మళ్లీ షాకు.

మణికట్టు నుంచి 3.6 మిల్లీసెకన్లు, మోచేయి నుంచి 7.8 మిల్లీసెకన్లు, మధ్య దూరం 231 మిల్లీమీటర్లు అనుకోండి. వేగం 231 ÷ (7.8 − 3.6) = సెకనుకు 55 మీటర్లు. 49 దాటితే పెద్దవాళ్లలో మామూలే.

ఒక్కచోటే షాకిచ్చి 70 మిల్లీమీటర్లను 3.6తో భాగిస్తే 19 వస్తుంది, తప్పు. ఎందుకంటే ఆ 3.6లో నాడి ప్రయాణం ఒక్కటే లేదు. కొసన సన్నబడిన తంతువు మెల్లగా వెళ్లే సమయం, నాడీకండర సంధి దాటే సమయం, కండరం రేగే సమయం అన్నీ ఉన్నాయి. రెండు చోట్ల కొలిచి తీసేస్తే ఉమ్మడిగా ఉన్నదంతా పోయి, నాడి ప్రయాణం మాత్రమే మిగులుతుంది.

జ్ఞాన పరీక్షలో సంధీ లేదు, కండరమూ లేదు. చూపుడు వేలికి ఉంగరం ఎలక్ట్రోడులు రెండు, మధ్య 3 నుంచి 4 సెంటీమీటర్లు. 14 సెంటీమీటర్ల పైన మణికట్టు దగ్గర షాకు. కబురు తన సహజ దిశకు ఎదురుగా వేలివైపు వస్తుంది. అయాన్_గట్టు గారు చెప్పిన రెండువైపుల పరుగు ఇదే. తరంగం మొదలయ్యే సమయం 2.5 మిల్లీసెకన్లయితే 140 ÷ 2.5 = 56. నేరుగా భాగిస్తే చాలు.

తరంగాల ఎత్తులో తేడా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చాలక తరంగం మిల్లీవోల్టుల్లో, మీడియన్‌కు 4 పైన. జ్ఞాన తరంగం మైక్రోవోల్టుల్లో, 20 పైన. ఒకటి రెండో దానికి వందల రెట్లు. కారణం ఏమంటే చాలక పరీక్షలో మనం కొలిచేది నాడిని కాదు, కండరాన్ని. ఒక్క చాలక తంతువు కంటి కండరంలో పది దాకా, పిక్కలో వెయ్యి పైగా కండర తంతువులను రేపుతుంది. కండరమే యాంప్లిఫయర్‌లా పనిచేస్తుంది. జ్ఞాన పరీక్షలో ఆ సాయం లేదు, నాడి సొంత గొంతే వినాలి. అందుకే 50 హెర్ట్జ్ కరెంటు రొద అందులో ముందు దూరుతుంది. పదిసార్లు షాకిచ్చి సగటు తీస్తే రొద మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది, వందసార్లకు పదోవంతు.

---

ఫిజియో_బల్ల

మైక్రోవోల్ట్ గారూ, ఒక సందేహం. అదే మనిషికి ఉదయం 46, మధ్యాహ్నం 54 వచ్చిన రిపోర్టులు కనిపిస్తాయి. నాడి పూట పూటకీ మారదు కదా?

---

మైక్రోవోల్ట్

నాడి మారదండీ, చెయ్యి ఉష్ణోగ్రత మారుతుంది. ఈ పరీక్షలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది అదే. చర్మం ఒక డిగ్రీ చల్లబడితే వేగం దాదాపు 2 మీటర్లు పడిపోతుంది. ఏసీ గదిలో 28 డిగ్రీలకు దిగిన చేతికి నాలుగు డిగ్రీల లోటు, ఎనిమిది మీటర్ల లోటు. మీ 46కూ 54కూ ఉన్న తేడా అదే. చెయ్యి 32 డిగ్రీలు, కాలు 30 డిగ్రీలు తక్కువ కాకుండా చూసుకోవాలి. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, మళ్లీ కొలవాలి. సూత్రంతో సరిచేసిన అంకె నిజంగా వెచ్చజేసిన చేతికి సాటి రాదు.

చల్లటి చెయ్యిని గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. చలికి సోడియం తలుపులు ఆలస్యంగా మూతపడతాయి, అందువల్ల వేగం తగ్గినా తరంగం ఎత్తు పెరుగుతుంది. జబ్బులో వేగంతోపాటు ఎత్తు అలా పెరగదు.

మిగతా పొరపాట్లు: షాకిచ్చే పరికరంలో నెగటివ్ కొస రికార్డింగ్ వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే రెండు కొసల ఎడం 25 మిల్లీమీటర్లు అదనంగా చేరి, 0.4 నుంచి 0.5 మిల్లీసెకను ఆలస్యం కనబడుతుంది. మణికట్టు సమస్య ఉందని చెప్పడానికి ఆ పాటి చాలు. షాకు చాలకపోతే తరంగం చిన్నగా వచ్చి, తంతువులు చచ్చాయేమో అనిపిస్తుంది. మరీ ఎక్కువైతే పక్కనున్న అల్నార్ కూడా రేగి, ఆకారం మారిపోతుంది. అల్నార్‌ను కొలిచేటప్పుడు మోచెయ్యి 90 డిగ్రీలు వంచాలి. చాపి కొలిస్తే నాడి లోపల వదులుగా ముడతపడి ఉంటుంది, టేపు మీద దూరం తక్కువ పడుతుంది, వేగం నిజంగా తగ్గకపోయినా తగ్గినట్టు వస్తుంది. మోచేతికి పైన, కింద షాకుల మధ్య 10 సెంటీమీటర్లే ఉన్నప్పుడు టేపులో ఒక్క సెంటీమీటరు తేడా పదిశాతం తప్పు.

చెమట పట్టిన చేతి మీద జెల్ ఎక్కువ రాస్తే షాకు పరికరానికీ గ్రౌండుకూ మధ్య తడి వంతెన ఏర్పడి, తెరమీద మొదటి గీతే కిందికో పైకో జారుతుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ అతికించాలి.

---

నాడీ_ఓపీ

రిపోర్టు చదివే తీరు గురించి. చదివేవారు ముందు వేగం గడిలోకి చూస్తారు. నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది ఎత్తు.

తొడుగు దెబ్బతింటే కబురు ఆలస్యమవుతుంది, వేగం బాగా పడిపోతుంది. తంతువే చస్తే మిగిలిన తంతువులు తమ వేగంతోనే వెళతాయి, కానీ తక్కువమంది కనుక ఎత్తు పడిపోతుంది. గీయన్, బారే, స్ట్రోల్ 1916లో వర్ణించిన జబ్బులో సాధారణ రకం మొదటిది. ఆ జబ్బులో మణికట్టు దగ్గర షాకిస్తే పెద్ద తరంగం, మోచేతి దగ్గర ఇస్తే అందులో సగం కూడా లేకుండా రావడం చూస్తాం. నాడి ఉంది, దారిలో కబురు ఆగిపోతోంది. చక్కెర జబ్బులో తంతువుల చావు ఎక్కువ. అది పొడవాటి నాడుల కొసల నుంచి, అంటే పాదాల నుంచి పైకి పాకుతుంది. అది మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్లు మొదలవుతాయి.

చక్కెర ఉన్నవారు "అరికాళ్లు మండుతున్నాయి" అంటారు, పరీక్ష మామూలుగా వస్తుంది. రోగి చెప్పేది అబద్ధం కాదు. ఈ యంత్రం చూడగలిగేది లావు తంతువులనే, మండేది సి తంతువు. లావు తంతువులను 128 హెర్ట్జ్ శ్రుతిదండం, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో కూడా పరీక్షిస్తాం. ఏ-డెల్టా, సి లాంటి సన్న తంతువులకు గుండుసూది, వేడి చల్లదనం చూడాలి. అరికాలు నైలాన్ పోగును గుర్తించకపోతే, చెప్పు కరిచినా తెలియదు. రోజూ రాత్రి అద్దం పెట్టి పాదం అడుగు చూసుకోవాలి.

వెన్నుపూస గారు చెప్పిన "కణ దేహం బయట" సంగతి ఇక్కడ పనికొస్తుంది. నడుం డిస్కు జారి వేరును నొక్కితే పిక్క వెనక తిమ్మిరి ఉంటుంది, కానీ అక్కడి స్యూరల్ నాడి జ్ఞాన తరంగం చక్కగా వస్తుంది. దెబ్బ కణ దేహానికి అవతల, వెన్నుపాము వైపు తగిలింది. దేహం నుంచి పాదం దాకా ఉన్న తంతువు బతికే ఉంది. తిమ్మిరి ఉండి, జ్ఞాన తరంగం బాగుంటే నడుము వైపు వెతకాలి.

గాయమైతే తొందరపడి పరీక్ష చేయించకండి. తెగిన నాడి కింది ముక్క వెంటనే చావదు. చాలక తరంగం 3 నుంచి 5 రోజులు, జ్ఞాన తరంగం 7 నుంచి 10 రోజులు బతికే ఉన్నట్టు కనబడుతుంది. సూదితో కండరం చూసే పరీక్షలో మార్పు కనబడటానికి మూడు వారాలు పట్టవచ్చు. తిరిగి పెరగడం రోజుకు ఒక మిల్లీమీటరు. మోచేతి దగ్గర తెగిన అల్నార్ అరచేతి కండకు చేరడానికి 300 మిల్లీమీటర్లు, దాదాపు పది నెలలు. ఏడాదిన్నర దాటితే కండరం నాడిని అందుకునే స్థితిలో ఉండదు. కుట్టు ఆలస్యం చేయకూడదనేది అందుకే.

---

ఫిజియో_బల్ల

కూర్చుంటే కాలు తిమ్మిరెక్కడం, దంతవైద్యుడు మత్తు ఇవ్వడం రెండూ "మొద్దుబారడమే" అనుకుంటారు. అవి ఒకదానికొకటి వ్యతిరేకం అని పట్టికలో పెట్టవచ్చు.

నొక్కుడు పడినప్పుడు, రక్తం అందనప్పుడు లావు తంతువులు ముందు మూగబోతాయి. కాలు ఎక్కడుందో తెలియదు, స్పర్శ పోతుంది, కానీ గిల్లితే నొప్పి తెలుస్తుంది. లేచినప్పుడు వచ్చే జివజివలు తంతువులు మళ్లీ మొదలయ్యేటప్పుడు అదుపు లేకుండా రేగడం. లిగ్నోకెయిన్ అనే మత్తుమందు ఇస్తే వరస తలకిందులు. నొప్పి ముందు పోతుంది, తర్వాత వేడి చల్లదనం, తర్వాత స్పర్శ, చివరికి కదలిక. అందుకే పన్ను పీకేటప్పుడు నొప్పి లేకపోయినా ఒత్తిడి తెలుస్తుంది. చీము పట్టిన చోట మత్తు ఎందుకు పట్టదంటే అక్కడ ఆమ్లం ఎక్కువ. మందు విద్యుదావేశం ఉన్న రూపంలోనే ఉండిపోయి పొర దాటలేదు. సోడియం తలుపును అది మూసేది లోపలివైపు నుంచి.

---

నాడీ_ఓపీ

ఇంకొకటి చేర్చాలి, ఇది మన పల్లెల్లో ప్రాణాల మీదికి వచ్చే సంగతి. నాడి మొత్తం బాగుండి, చివరి సంధి ఒక్కటే పోవచ్చు.

చాలక తంతువు కొసలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిన్న సంచుల్లో ఉంటుంది. కబురు రాగానే సంచులు పగిలి ఆ రసాయనం కండరం మీది గ్రాహకానికి అంటుకుంటుంది, వెంటనే ఒక ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. నాగుపాము విషం కండరం వైపు గ్రాహకాన్ని కప్పేస్తుంది. కట్లపాము విషంలో ముఖ్యమైనది నాడి కొసనే పాడుచేస్తుంది, సంచులు ఖాళీ అవుతాయి. అందుకే నాగుపాము కాటుకు అట్రోపిన్‌తో కలిపి, ఆ ఎంజైమును ఆపే నియోస్టిగ్మిన్ ఇస్తే కొంత తేరుకుంటారు. కట్లపాముకు ఆ మేలు పెద్దగా ఉండదు, నాడి కొస తిరిగి పెరిగే దాకా వెంటిలేటరు మీద రోజులు పట్టవచ్చు. రెండింటికీ విషానికి విరుగుడు మందు ముఖ్యం.

కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, గాటు కనిపించకపోవచ్చు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనబడటం, మింగలేకపోవడం వస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి. రెప్పల తర్వాత వాలేది శ్వాస కండరమే. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు చేసేది ఇందుకు ఎదురు పని. విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది, సంధి నిండిపోయి కండలు ముందు కొట్టుకుని తర్వాత చచ్చుబడతాయి. అట్రోపిన్ చొంగను, ఊపిరితిత్తుల్లో నీటిని ఆపుతుంది. కండరం చచ్చుబడటాన్ని అది సరిచేయదు.

---

పదో_తరగతి_జీవశాస్త్రం

అందరికీ కృతజ్ఞతలు. పట్టిక రెండింతలైంది, ఏదీ తీసెయ్యాలనిపించడం లేదు. యంత్రం లేకుండా, తరగతి గదిలోనే పిల్లలు జ్ఞాన నాడి వేగాన్ని కొలిచే దారి ఏదైనా ఉందా?

---

వెన్నుపూస

ఉంది. 20 మంది, ఒక స్టాప్‌వాచ్, ఒక టేపు చాలు.

అందరినీ కళ్లు మూసుకుని వరసలో కూర్చోబెట్టండి. ఒక్కొక్కరు కుడిచేత్తో తన ముందున్నవారి చీలమండ పట్టుకోవాలి. మొదటివారు నొక్కుతారు, తన చీలమండ మీద నొక్కు తెలియగానే రెండోవారు తన ముందువారిని నొక్కుతారు, చివరివారు చెయ్యెత్తుతారు. మొత్తం సమయం రాసుకోండి. ఆ తర్వాత చీలమండ బదులు భుజం పట్టుకుని అదే చేయండి.

రెండింటిలోనూ మెదడు ఆలోచించే సమయం, చెయ్యి నొక్కే సమయం ఒకటే. తేడా అంతా కబురు చీలమండ నుంచి రావడానికీ భుజం నుంచి రావడానికీ ఉన్న దూరానిది. మైక్రోవోల్ట్ గారి రెండు షాకుల తీసివేత ఇక్కడా అదే. చీలమండ నుంచి తల దాకా, భుజం నుంచి తల దాకా టేపుతో కొలిచి తీసేస్తే మనిషికి సుమారు 1.1 మీటరు మిగులుతుంది. 20 మందికి 22 మీటర్లు. చీలమండ వరస 0.44 సెకను ఎక్కువ పడితే 22 ÷ 0.44 = సెకనుకు 50 మీటర్లు.

చెడేది ఎక్కడంటే, మొదటి నాలుగైదు విడతల్లో పిల్లలు ప్రతిసారీ వేగం పుంజుకుంటారు. చీలమండ అన్నీ ముందు చేసి భుజం తర్వాత చేస్తే ఆ అలవాటు కూడా తేడాలో కలిసి, వేగం అసలు కంటే తక్కువ తేలుతుంది. ఐదు విడతలు ఊరికే చేయించండి, లెక్కకు వద్దు. తర్వాత ఒకసారి చీలమండ, ఒకసారి భుజం మార్చి మార్చి చెరో పదిసార్లు చేసి సగటు తీయండి. ముందున్నవారు నొక్కేలోపే ఊహించి నొక్కేసేవారు ఇద్దరు ముగ్గురు ఉంటారు. మొదటివారు మొదలుపెట్టే క్షణాన్ని ప్రతిసారీ మార్చండి, ఎవరూ లెక్కపెట్టుకోలేరు. సాక్సులు, బూట్లు తీయించండి.

---

మైక్రోవోల్ట్

స్టాప్‌వాచ్ మొదటివారి చేతికే ఇవ్వండి, వరసను గుండ్రంగా తిప్పి చివరివారు మొదటివారినే నొక్కేలా కూర్చోబెట్టండి. తన నొక్కుతో మొదలుపెట్టి, తనకు నొక్కు తెలియగానే ఆపితే, బయట నిలబడి చూసేవారి ఆలస్యం లెక్కలోకి రాదు. అప్పుడు మొదటివారి చీలమండ కూడా గొలుసులోదే కనుక 20 మందికి 20 దూరాలూ సరిపోతాయి.